తిరుగు గుర్తులు

ఉదయం ఏడు కావస్తోంది. అటవీశాఖ చౌకీ ముందున్న బల్ల మీద కూర్చుని పిచ్చుక బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. పక్కనే తెల్లరంగు డబ్బా, రెండంగుళాల బ్రష్షు, చెట్టు బెరడు గీకడానికి ఇనప బ్రష్షు, పాత గుడ్డ, నీళ్ళ సీసా.

పిచ్చుక ఆ పిల్ల అసలు పేరు కాదు. కాళ్ళు పుల్లల్లా ఉంటాయని, ఒకచోట కుదురుగా నిలబడదని బావ పెట్టిన పేరు. అక్క పెళ్ళయిన మూడో రోజు పెట్టాడు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు, వీధిలోవాళ్ళు, ఆఖరికి పనిచోట హాజరు పుస్తకం రాసేవాళ్ళు కూడా అదే పేరుకి అలవాటు పడిపోయారు.

"ఒక్కదానివే పోతున్నావా అమ్మాయ్?" చౌకీ తాత గాజు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చాడు.

"ఇద్దరం పోవాలంటే రెండోవాళ్ళు ఉండాలిగా తాతా."

 అలా అని ఉండాల్సింది కాదని పిచ్చుకకి అనిపించింది. అనిపించిందంతే, బాధేం కలగలేదు. ఈ నాలుగు నెలలుగా దేనికీ ఏమీ కలగట్లేదు. పంటికి మత్తు ఇచ్చాక పెదవి మనది కాదన్నట్టు వేలాడుతుంది చూడండి, మనిషంతా అలా ఉంది.

"రేపు మీ మేస్త్రి చూడ్డానికి వస్తున్నాడుగా. ఆయనతో పోరాదూ?"

"ఆయన చూసేలోపు కాస్త సరిచెయ్యాలి. వానకి గుర్తులు పోయుంటాయి."

"వానకి పోయే రంగు వేశారా? మా ఇంటి గోడకి కాస్త పొయ్యమంటే మీ బావ పొయ్యలేదు. పోన్లే, మంచిదే అయింది," అని తాత నవ్వబోయి, మధ్యలోనే ఆపేసి, పుస్తకం ఆమె ముందుకి జరిపాడు.

లోపలికి వెళ్ళేవాళ్ళు: ఒకరు. సమయం: ఆరు యాభై. పిచ్చుక సంతకం పెట్టి బయల్దేరింది.

*

ఆ బాట చాలా పెద్దది. ముప్పై ఒక్క మజిలీలు. రోజుకో మజిలీ చొప్పున నెల రోజులు నడిచేవాళ్ళున్నారు. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో మజిలీ నడిచి, ఏళ్ళ తరబడి పూర్తిచేసేవాళ్ళూ ఉన్నారు. ఇది ఏడోది. చౌకీ దగ్గర మొదలై, కొండలెక్కి దిగి, దాదాపు పదకొండు కిలోమీటర్ల తర్వాత శిఖరం కింద ఉన్న రాతి గదికి చేరుతుంది. మొదటి పది కిలోమీటర్లు పాత బాటే. తర్వాత ఒక వాగు. వాగు దాటాక ఉండే పాత బాట మీద కొండచరియ పడింది. అందుకని అడవిలోంచి ముప్పావు కిలోమీటరు కొత్త దారి తీశారు. దానికి గుర్తులు వేసే పని బావకీ, పిచ్చుకకీ వచ్చింది.

పని చూడ్డానికి చాలా తేలిక. ముందు ఒకరు నడుస్తూ, వెళ్ళేవాళ్ళకి కనపడేలా చెట్లకి పసుపు గుర్తు వేస్తారు. దాన్ని పోయే గుర్తు అంటారు. వెనక వచ్చేవాళ్ళు అవే చెట్లకి అవతలి ముఖం మీద తెల్ల గుర్తు వేస్తారు. అది తిరుగు గుర్తు. జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు. ఒక గుర్తు దగ్గర నిలబడితే రెండోది కనపడాలి.

ఒకే చెట్టు, ఒకే దారి. కానీ అడవిలో వెళ్ళేటప్పుడు చూసిన చెట్టు వచ్చేటప్పుడు ఇంకో చెట్టులా ఉంటుంది. తిరుగు గుర్తు లేకపోతే, పది అడుగులు పోయి వెనక్కి తిరిగినా ఎటొచ్చామో తెలీదు.

మేస్త్రి దగ్గర ఒక పద్ధతుంది. వెనకున్న మనిషి తెల్లగుర్తులు వేసుకుంటూ వచ్చి, ముందున్న మనిషి దరిదాపులకి చేరాక, గట్టిగా కేకెయ్యాలి: "దారి పడింది... రావచ్చు!" ముందున్న మనిషి "వస్తున్నా!" అనాలి. ఆ కేక చెవిన పడందే వాడు వెనక్కి తిరగకూడదు. ప్రాణం మీదికొచ్చినా సరే. ఎందుకంటే ఆ కేక లేదంటే వెనక దారి లేదని అర్థం.

బావ ఆరడుగుల పైన ఉండేవాడు. తన కంటి ఎత్తున పసుపు వేసేవాడు. పిచ్చుక తన కంటి ఎత్తున తెలుపు వేసేది. రెంటికీ మూరెడు తేడా.

"నీ గుర్తులు మనుషులకా, కోడిపిల్లలకా?" అనేవాడు బావ.

"నీవి ఒంటెలకి. నోరు మూసుకుని ముందు నడు."

"పని మాత్రం నాతో చేయించుకుంటావ్. అలిసిపోతే చెప్పు, నీవి కూడా నేనే వేస్తా."

చాలాసార్లు వేశాడు కూడా. డిగ్రీ చేసిన పిల్ల, చేతులకి బొబ్బలెక్కుతున్నాయని, ఆ పిల్ల వాటా పని కూడా చేసి, మేస్త్రికి మాత్రం "మా మరదలే వేసింది" అని చెప్పేవాడు.

నాలుగు నెలల కిందట, ఆ రోజు, ఇద్దరూ వాగు దాటారు. బావ పసుపు డబ్బాతో ముందు పోయాడు. పిచ్చుకకి ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఫోన్లో ఇంటర్వ్యూ ఉంది. సిగ్నలు చౌకీ దగ్గర తప్ప ఎక్కడా రాదు. సంగతి బావకి చెప్పలేదు, చెబితే మొదటి రెండుసార్లు పోయినట్టే ఇదీ పోతుందని భయం. మాట్లాడేసి, చీకటి పడేలోపు తిరిగొచ్చి వేసేద్దామనుకుంది. ఒక్క చెట్టుకి కూడా రంగు వెయ్యకుండా వెనక్కి వచ్చేసింది.

ఇంటర్వ్యూ ఆరు నిమిషాల్లో అయిపోయింది. వాళ్ళు "తెలియజేస్తాం" అన్నారు. ఇప్పటిదాకా తెలియజేస్తూనే ఉన్నారు. చౌకీ బయట కూర్చుని కాసేపు ఏడ్చింది. ఈలోపు వాన మొదలైంది. వాగు పొంగింది.

బావ రాలేదు.

ఆ రాత్రి మేస్త్రి అడిగాడు, "తిరుగు గుర్తులు వేశావా లేదా?" అని. అక్క కూడా అక్కడే ఉంది. అక్క కళ్ళు చూసి పిచ్చుక "వేశాను" అంది. "కేక కూడా వేశాను. వస్తున్నా అన్నాడు."

అంతే. నోట్లోంచి రెండు ముక్కలు.

పది రోజులదాకా వాగు తగ్గలేదు. ఈలోపు శిఖరం అవతలి రోడ్డు మీద తిరిగే బస్సు కండక్టరు ఒకాయన, అలాంటి పొడుగాటి మనిషి ఎక్కినట్టు గుర్తు అన్నాడు. దాంతో వెతకడం ఆపేశారు, వానాకాలమంతా బాట మూసేశారు. గుర్తులున్నాయి, కేక విన్నాడు, అయినా రాలేదంటే రావడం ఇష్టంలేకే అని తేల్చారు. ఎవత్తెనో చూసుకున్నాడన్నారు. అక్క దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూడా కొలతలిస్తూ జాలిగా చూడ్డం మొదలుపెట్టారు. అక్క తలెత్తకుండా కుడుతూనే ఉంది. ఒకే ఒక్కసారి పిచ్చుకని అడిగింది.

"నిజంగా వస్తున్నా అన్నాడా?"

"అన్నాడక్కా."

రేపు మేస్త్రి ఆ దారంతా నడుస్తాడు. చెట్లకి ఒక్క తెల్ల గుర్తు కూడా ఉండదు. అప్పుడు అక్కకి తెలుస్తుంది, తన మొగుడు పారిపోలేదని, తన చెల్లెలే వదిలేసి వచ్చిందని. పిచ్చుక డబ్బా తీసుకుని బయల్దేరింది అందుకే. బావ కోసం కాదు. ఆ మాట తనకి తాను చెప్పుకుని చూసింది. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు.

*

పది గంటలు దాటాక వాగు దగ్గరికొచ్చింది. నీళ్ళు మోకాలి కింద. చల్లగా ఉన్నాయనుకుంటా, కాళ్ళకి తెలీలేదు. అవతల ఒడ్డున మొదటి చెట్టు. దాని మీద పసుపు గుర్తు, తన తలకన్నా జానెడు పైన, కాస్త వెలిసిపోయి, అంచుల్లో నాచు పట్టి... కానీ ఉంది.

చెట్టు అవతలికి పోయి ఇనప బ్రష్షుతో బెరడు గీకింది. గుడ్డతో తుడిచింది. బ్రష్షు ముంచి ఒకసారి పైకి, ఒకసారి కిందికి. ఒకటి.

రెండో చెట్టు. మూడు. పది.

అడవిలో తడి ఆకుల వాసన, కుళ్ళిన మొద్దుల వాసన, వాటి మీద ఘాటుగా రంగు వాసన. పైన ఎక్కడో కొమ్మలు కదులుతున్నాయి, కింద గాలి లేదు. ఆకుల చివర్లనుంచి నీటిబొట్లు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పిచ్చుకకి పని చేస్తుంటే హాయిగానే ఉంది. గీకడం, తుడవడం, ముంచడం. బుర్రతో పని లేదు.

ముప్పై చెట్లయ్యేసరికి మంచు దిగింది. మధ్యాహ్నం పన్నెండున్నర, అయినా తెల్లారుజామైనట్టుంది. చెట్లు బూడిదరంగు గీతల్లా మారిపోయాయి. అయినా దారి తప్పే భయం లేదు. బావ పనిలో వంక పెట్టలేం. ఒక గుర్తు దగ్గర నిలబడితే రెండోది కనపడుతూనే ఉంది. నలభై అడుగులకొకటి, గజం బద్ద పెట్టి కొలిచినట్టు.

నలభై ఎనిమిదో చెట్టు దగ్గర ఆగింది.

పసుపు గుర్తు సరిగ్గా తన కళ్ళ ముందుంది.

చెట్టు పల్లంలో ఉందేమోనని చూసింది. లేదు, నేల చదునుగానే ఉంది. అలిసిపోయాడేమో అనుకుని అవతలి ముఖం గీకింది. తెల్లరంగు వేసింది. ముందుకి నడిచింది.

తర్వాతి గుర్తు రొమ్ము ఎత్తున. దాని తర్వాతది నడుము దగ్గర. గీత తిన్నగా లేదు, పక్కకి జారింది. చెట్టుకీ చెట్టుకీ మధ్య దూరం కూడా తగ్గింది. నలభై అడుగుల నుంచి ఇరవై. తర్వాత పది.

యాభై ఏడో చెట్టు. గుర్తు మోకాలి దగ్గర.

పిచ్చుక చాలాసేపు నిలబడింది. మంచులో తన ఊపిరి తనకే వినపడుతోంది. ఎక్కడో కాలు విరిగిందో, ఏదన్నా కరిచిందో... వెనక్కి తిరిగి చూసుంటాడు. తెల్ల గుర్తు ఒక్కటి కూడా లేదు. కేక వస్తుందని ఆగుంటాడు. రాలేదు. రాతి గది ముందే ఉంది కదా అని, ముందుకే పోయాడు. నిలబడలేక కూర్చుని, కూర్చోలేక పాకుతూ.

పాకుతూ కూడా గుర్తులు వేసుకుంటూ పోయాడు. వెనక మరదలు వస్తుందని.

ఇది తెలిశాక మనిషన్నవాడు ఏడవాలి. పిచ్చుక వంగి బెరడు గీకింది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. ఇప్పుడు గుర్తులు వేర్ల మీదున్నాయి. ఐదడుగులకొకటి. కొన్నింటికి బ్రష్షు వాడలేదు... నాలుగు వేళ్ళ ముద్రలు.

డెబ్భై ఒకటో చెట్టు మొదట్లో బావ ఉన్నాడు.

నీలం రంగు వానకోటు. మొదట అంతే కనపడింది. కోటు బోర్లా పడుకుని ఉంది, లోపల పెద్దగా ఏమీ లేనట్టు అణిగిపోయి. ఒక చెయ్యి మాత్రం ముందుకి చాపి ఉంది. చేతి కింద పసుపు డబ్బా పక్కకి ఒరిగి ఉంది. వేళ్ళ ఎముకలకి పసుపు రంగు ఇంకా వదల్లేదు.

పిచ్చుక గడియారం చూసుకుంది. మూడు కావస్తోంది.

తర్వాత తను ఆలోచించిన సంగతి ఎవరికన్నా చెప్పుకోగలదా అంటే, లేదు. ఆలోచించింది ఇదీ: రేపు మేస్త్రి ఎలాగూ ఇక్కడిదాకా వస్తాడు, బావని చూస్తాడు. తెల్ల గుర్తులు ఉంటాయి కాబట్టి, అన్నీ సరిగ్గానే ఉన్నా కాలు విరిగి పోయాడనుకుంటారు. బావ మీద మచ్చ పోతుంది. తన మీదికి రాదు. అక్కకి మొగుడు దొరుకుతాడు, చెల్లెలూ మిగులుతుంది. ఎంత చక్కగా సరిపోయిందో.

ఆ చెట్టుక్కూడా రంగు వేస్తే పని అయిపోతుంది.

కోటు తొక్కకుండా చుట్టూ తిరిగి అవతలికి పోయింది. గీకింది. తుడిచింది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. బ్రష్షు గుడ్డలో చుట్టి, డబ్బా మూత నొక్కింది. మూడేళ్ళుగా ప్రతి పని చివరా చేసినట్టే చేసింది. నడుం నిటారుగా చేసి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"దారి పడింది... రావచ్చు!"

అరిచాక గానీ తెలీలేదు తను అరిచిందని.

కేక మంచులోకి పోయింది. ఆకుల మీంచి నీటిబొట్లు పడటం ఆగిపోయింది. అడవంతా ఒకేసారి ఆగింది.

చాలా దగ్గర్నుంచి... కింద నుంచి... ఊపిరి వదిలినంత మెల్లగా వినపడింది.

"వస్తున్నా..."

*

పిచ్చుక పరిగెత్తలేదు. పరిగెత్తాలని కాళ్ళకి తట్టలేదు. సంచీ భుజానికి తగిలించుకుని, కోటు వైపు చూడకుండా, తిరుగుదారిలో మొదటి తెల్ల గుర్తు వైపు నడిచింది. తర్వాత రెండోది. రంగు ఇంకా ఆరలేదు, మంచులో మెరుస్తోంది.

మూడో చెట్టు దగ్గర వెనక చప్పుడైంది.

డబ్బాకి ఉండే తీగె పిడి... టింగుమని.

ఆగింది. అదీ ఆగింది.

నడిచింది. తడి ఆకుల మీద బరువైన గోనెసంచి లాగుతున్నట్టు... సర్‌ర్... సర్‌ర్... మళ్ళీ టింగుమని. ప్రతి చెట్టు దగ్గరా ఆగుతోంది. గుర్తు చూసుకుంటోంది. మళ్ళీ కదులుతోంది.

వెనక్కి తిరగలేదు. ధైర్యం లేక కాదు. తిరిగితే కోటులో మొహం ఉంటుందా ఉండదా అన్న ఒక్క ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. రెంటిలో ఏదైనా తను చూడలేదు.

"బావా," అంది చాలా నెమ్మదిగా, ముందుకే చూస్తూ. "నేను వెయ్యలేదు బావా ఆ రోజు."

సర్‌ర్... సర్‌ర్...

"అక్కకి అబద్ధం చెప్పాను."

టింగ్.

 చెట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. యాభై. ముప్పై. మంచు పల్చబడింది. పది. వాగు చప్పుడు వినపడింది. నీళ్ళలో దిగి, జారి, రెండు చేతులూ రాళ్ళ మీద ఆన్చి లేచి, ఇవతల ఒడ్డెక్కింది. అప్పుడు నిలబడి చెవులు రిక్కించింది.

నీళ్ళ చప్పుడు. ఇంకేమీ లేదు.

చౌకీకి వచ్చేసరికి చీకటి పడుతోంది. తాత లాంతరు పట్టుకుని పుస్తకం తెరిచాడు.

"అంతా సరిగ్గా ఉందా అమ్మాయ్?"

"ఉంది తాతా."

బయటికి వచ్చినవాళ్ళు: ఒకరు. సంతకం పెట్టింది.

*

వాళ్ళు ఉండేది మేడ మీద రెండు గదుల వాటాలో. ముందుగదిలో అక్క కుట్టుమిషను, బడి పిల్లల యూనిఫాంల గుట్ట. లోపలిగదిలో పిచ్చుక మంచం, బట్టల బీరువా. బావ పోయినప్పటినుంచి అక్క ముందుగదిలో మిషను పక్కనే చాపేసుకుని పడుకుంటోంది.

అక్క తలుపు తీసింది.  పిచ్చుక లోపలికొచ్చాక కూడా తలుపు వెయ్యకుండా, మెట్లవైపు చూస్తూ నిలబడింది.

"వేసెయ్యక్కా. దోమలొస్తాయి."

"వేస్తాలే. నువ్వు పోయి పడుకో," అంది అక్క. ఆ గొంతు విని నాలుగు నెలలైనట్టుంది. గొంతులో తడి ఉంది.

పిచ్చుక బట్టలు కూడా మార్చుకోకుండా మంచం మీద పడిపోయింది. కల లేదు, మెలకువ లేదు. తెల్లారి లేచేసరికి కుడిచెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. భుజం దగ్గర్నుంచి తిమ్మిరెక్కి, ఐసులో పెట్టినట్టు చల్లగా ఉంది. చాలాసేపు రుద్దుకుంటే గానీ వేళ్ళు కదల్లేదు.

ముందుగదిలో మిషను చప్పుడవుతోంది. అక్క తల దువ్వుకుంది. మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. బావ ఖాకీ ప్యాంటు మిషను మీద పెట్టి, మోకాళ్ళ దగ్గర మందపాటి గుడ్డతో అతుకు వేస్తోంది.

"ఎవరిదక్కా అది?"

"కనపడట్లా? మీ బావది."

"దానికి అతుకెందుకు ఇప్పుడు?"

"అరిగిపోతాయి కదే," అని అక్క తలెత్తకుండా మిషను తొక్కింది.

 ఇవాళ సాయంత్రం మేస్త్రి కబురు తెస్తాడు. అప్పటిదాకా అక్కని ఇలా ఉండనిద్దాం అనుకుంది పిచ్చుక.

మేస్త్రి ఆరింటికి వచ్చాడు. బూట్లకి బురద, మొహాన చెమట. బయట వసారాలో కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తాగి, పిచ్చుక వైపు చూసి తలూపాడు.

"శభాష్ అమ్మాయ్. ఇంత శుభ్రమైన పని నీ చేత్తో జరుగుతుందనుకోలేదు. వాగు దగ్గర్నుంచి రాతి గదిదాకా నూట ముప్పై చెట్లు. ఒక్కటి తప్పలేదు."

"ఎన్ని?"

"నూట ముప్పై. నేనే లెక్కపెట్టా."

 "డెబ్భై ఒకటే కదా... డెబ్భై ఒకటో చెట్టు దగ్గర... మేస్త్రి గారూ, అక్కడ ఏమీ కనపడలేదా మీకు?"

"ఏముంటుంది? ఆకులు. అయితే ఒక్కటి అడగాలి. సగం దాటాక మోకాలి కింద వేశావేంటమ్మా గుర్తులు? అంత ఒంగి వెయ్యడానికి ఓపికెలా వచ్చింది నీకు?"

అప్పుడు పిచ్చుక చెప్పేసింది. అనుకుని చెప్పలేదు, నోరు దానంతటదే తెరుచుకుంది. ఆ రోజు ఒక్కటి కూడా వెయ్యలేదని. కేక వెయ్యలేదని. నిన్న పోయి వేశానని. బావ అక్కడే పడి ఉన్నాడని, నీలం కోటులో, పసుపు వేళ్ళతో. బావ ఎక్కడికీ పారిపోలేదని.

మేస్త్రి అంతా విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఇటు చూడు తల్లీ. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా. నిన్న వేసిన రంగేదో, నాలుగు నెలల కిందటి రంగేదో నాకు తెలీదా? నీ తెల్ల గుర్తుల మీద నాచు పట్టింది. వెలిసిపోయి పగుళ్ళిచ్చాయి. అవి వానాకాలమంతా తడిసిన గుర్తులు. నీ పని నువ్వు ఆ రోజే చేశావు. వాడు పోయింది వాడి బుద్ధి గడ్డి తిని. వాడి తప్పు నీ నెత్తినేసుకుని మతి చెడగొట్టుకోకు."

"లేదు మేస్త్రి గారూ... దేని మీద ప్రమాణం చెయ్యమంటే దాని మీద చేస్తా... నేను వెయ్యలేదు..."

"అమ్మా, నీ చెల్లెల్ని కాస్త డాక్టరుకి చూపించు," అని అక్కతో చెప్పి, మేస్త్రి నిట్టూర్చి మెట్లు దిగిపోయాడు.

పిచ్చుక అలాగే నిలబడింది. బావ వేసేశాడు. ఎప్పట్లాగే. మరదలి వాటా పని కూడా తనే చేసి, మరదలే వేసిందని చెప్పించాడు. ఇక ఈ లోకంలో తన మాట నమ్మేవాళ్ళు లేరు. బావ పారిపోయినవాడే, ఎప్పటికీ.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ప్యాంటు, సూది.

"నువ్వన్నా నమ్ముతావా అక్కా? నిజంగా నేను వెయ్యలేదు. బావ ఎటూ పోలేదు."

"నాకు తెలీదా ఏంటి," అంది అక్క. పళ్ళతో దారం తెంపింది. "మెల్లిగా మాట్లాడు. బాగా అలిసిపోయి ఉన్నాడు."

"ఎవరు?"

"నిన్న నీ వెనకే మెట్లెక్కాడు కదే. నువ్వు చూళ్ళేదా?" అక్క గొంతు గుసగుసలోకి దిగింది. మొహంలో నవ్వు. "ఎంతసేపు పట్టిందో పాపం... ఒక్కో మెట్టూ. చెయ్యందించబోతే వద్దన్నాడు."

పిచ్చుక లోపలిగది వైపు చూసింది. తలుపు ఓరగా వేసి ఉంది. గదిలో దీపం లేదు. తన మంచం కోళ్ళు రెండు కనపడుతున్నాయి. దుప్పటి అంచు నేల దాకా వేలాడుతోంది. పొద్దున తను లేచినప్పుడు దుప్పటి మంచం మీదే ఉంది.

"పక్క వేస్తానంటే ఒప్పుకోలేదు. పైన పడుకోలేట్ట. కిందే బావుందిట," అంది అక్క.

"కిందంటే... ఎక్కడక్కా?"

అక్క చెల్లెలి వైపు వింతగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"రాత్రంతా నీ చెయ్యి పట్టుకునే పడుకున్నాడుగా."